మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో సగం క్లాసు తూగుతోంది. మీరేం చేస్తున్నారు?

బయాలజీ టీచర్, టంగుటూరు వైపు
ఫిబ్రవరి 3, రాత్రి 9:50

అందరికీ నమస్తే. జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఈ ఏడు నాకు తొమ్మిదో తరగతి భోజనం అవగానే పడింది. ముప్పై ఎనిమిది మంది పిల్లలు. పాఠం మొదలుపెట్టిన పది నిమిషాలకే వెనక రెండు వరసలు కునికిపాట్లు. గుమ్మం పక్కన కూర్చునే అబ్బాయి తల కూడా వాల్చడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతాడు.

మొన్న సోమవారం నేనొక తప్పు చేశాను. వాణ్ణి లేపి, మొహం కడుక్కుని రమ్మని, వచ్చాక బెల్లు కొట్టేదాకా గోడకు ఆనకుండా నిలబడమన్నాను. వాడు నిలబడే తూగాడు. పడబోతే పక్కవాడు పట్టుకున్నాడు. క్లాసంతా నవ్వింది. సాయంత్రం వాడి స్నేహితుడు స్టాఫ్ రూమ్ దాకా వచ్చి చెప్పాడు: "టీచర్, వాళ్ళ బ్యారన్ మండుతా ఉంది. వాళ్ళ నాయనకి జొరం. మూడు రాత్రుల నుంచి పొయ్యి కాడ వాడే కూచుంటున్నాడు."

మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. బ్యారన్ అంటే పొగాకు ఆకుని పొయ్యి వేడికి ఆరబెట్టే గది. పొగాకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో వేలాడదీశాక ఐదారు రోజులు రాత్రీ పగలూ మంట ఆరకూడదు. వేడి ఒక్కసారిగా పెరిగినా, తగ్గినా ఆకు రంగు పోతుంది. రంగు పోతే వేలంలో రేటు పోతుంది. అంటే వాళ్ళ ఇంటి ఏడాది సంపాదనకి ఆ పధ్నాలుగేళ్ళ పిల్లాడు కాపలా ఉన్నాడు. అలాంటి పిల్లాణ్ణి నేను నలుగురిలో నిలబెట్టాను. మర్నాడు వాణ్ణి పక్కకు పిలిచి క్షమించమని అడిగాను. వాడు తల దించుకుని "పర్లేదు టీచర్" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా వదలడం లేదు.

క్లాసులో ఇలాంటివాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. కారణం ఏంటో నాకు అర్థంకాని వాళ్ళు ఇంకో పది మంది. ఒకమ్మాయి పొద్దున మొదటి పీరియడ్ నుంచే వాడిపోయి ఉంటుంది. పడుకోనివ్వాలా? లేపాలా? లేపితే పాఠంలో ఎలా నిలబెట్టాలి? కొత్తగా చేరిన టీచర్లా అడుగుతున్నాను, దయచేసి చెప్పండి.

రిటైర్డ్ హెచ్.ఎం., కందుకూరు
ఫిబ్రవరి 3, రాత్రి 10:32

అమ్మా, మీరు అంతగా బాధపడాల్సిన పని లేదు. 34 ఏళ్ళు చేశాను నేను. నిద్రపోయేవాణ్ణి నిలబెట్టడం శిక్ష కాదు, మెలకువ తెప్పించే ఉపాయం. మా రోజుల్లోనూ పొగాకు ఉంది, బ్యారన్లు ఉన్నాయి, అవే ఊళ్ళ నుంచి ఇంజనీర్లూ వచ్చారు. ఇవాళ జాలి పడి పడుకోనిస్తే రేపు పది మంది పడుకుంటారు. పాఠం పోయాక ఆ జాలి వాడికి అన్నం పెట్టదు. పెద్దవాణ్ణి, ఉన్నమాట చెప్పాను.

సోషల్ మాస్టారు, కనిగిరి
ఫిబ్రవరి 4, ఉదయం 6:15

హెచ్.ఎం. గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. పిల్లల్ని కొట్టడం ఒక్కటే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 నిషేధించింది. క్లాసంతా నవ్వేలా నిలబెట్టడం ఆ గీతకి చాలా దగ్గరగా వెళ్తుంది. ఆ కాలం నుంచి ఇంజనీర్లయినవాళ్ళు మనకు కనిపిస్తారు. ఏడో తరగతిలో నిలబడలేక బడి మానేసినవాళ్ళు కనిపించరు, ఎందుకంటే వాళ్ళు మళ్ళీ మన దగ్గరికి రాలేదు.

మేడం, మా బడిలో మేం చేసింది చెప్తా. టైం టేబుల్ మార్చాం. అంతే. ఇదివరకు పొద్దున మొదటి పీరియడ్ తెలుగు, భోజనం తర్వాత లెక్కలు ఉండేవి. లెక్కలు పొద్దుటికి తెచ్చి, భోజనం తర్వాత చేతులు ఆడించే పని పెట్టాం: మ్యాప్ గీయడం, సైన్స్ ప్రయోగాలు, డ్రాయింగ్. ఆటల పీరియడ్ ఎప్పుడూ చివరే ఎందుకు ఉండాలని పీఈటీ గారే అడిగారు. వారంలో రెండు రోజులు ముందుకు జరిపాం. ఎండాకాలంలో అది కుదరదు, మా కనిగిరి ఎండ మీకు తెలుసు.

గది కూడా చూసుకోండి. మాకు ఒక గదికి రెండు కిటికీలు, రెండూ ఒకే గోడకి. అందులో నలభై మంది కూర్చుంటే నాకే ఆవులింతలు వచ్చేవి. ఆ క్లాసుని వేపచెట్టు కిందికి మార్చాం. కాకులూ, రోడ్డు మీద ట్రాక్టర్లూ ఉంటాయి, అయినా సరే లోపలికంటే అదే నయం.

ఇంటర్ సెకండియర్
ఫిబ్రవరి 4, రాత్రి 11:05

నేను టీచర్ని కాదు, రాయొచ్చో లేదో తెలీదు. నెల్లూర్లో హాస్టల్లో ఉండి చదివే కాలేజీ. పేరు రాయను. పొద్దున ఐదుకి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి అయిపోతుంది. మంచం ఎక్కేసరికి పదకొండు. అంటే నాలుగున్నరకి లేచేవాడికి ఐదున్నర గంటలు. ఆదివారం పరీక్ష.

నిద్ర ఆపుకోవడానికి మేం చేయనిది లేదు. గిచ్చుకోవడం, కళ్ళకి జండూబామ్ రాసుకోవడం (మీ పిల్లలకి ఇది వద్దని చెప్పండి, నా ఫ్రెండ్ కన్ను రెండు రోజులు వాచింది), రాత్రి కాఫీ పొడి నీళ్ళలో కలుపుకుని తాగడం. అయినా నోట్స్ రాస్తా ఉంటే అక్షరం గీతలాగా కిందికి జారిపోతాది. తర్వాత చూసుకుంటే నేను రాసింది నాకే అర్థం కాదు. ఆ గంట క్లాసులో కూర్చున్నట్టే గానీ విన్నట్టు కాదు.

మా ఫిజిక్స్ సార్ ఒక్కరే వేరుగా చేస్తారు. మధ్యాహ్నం రెండు గంటల క్లాసులో ముందు పది నిమిషాలు అందరినీ తల బెంచీ మీద పెట్టమంటారు, ఫ్యాన్లు పెట్టి లైట్లు ఆపుతారు. పది నిమిషాలే. తర్వాత లేపి, ఒక లెక్క బోర్డు మీద సగం చేసి వదిలేస్తారు, మిగతా సగం మేం చెయ్యాలి. ఆ క్లాసులో ఎవరూ నిద్రపోరు. సార్ అరవరు కూడా. మమ్మల్ని మనుషుల్లాగా చూస్తారు కాబట్టి ఆయన కోసమైనా మెలకువగా ఉండాలనిపిస్తాది.

మేడం, మీరు ఆ అబ్బాయికి సారీ చెప్పారు చూడండి, అది వాడు మర్చిపోడు.

చెరువుకట్ట (ఇందుకూరుపేట మండలం)
ఫిబ్రవరి 5, తెల్లవారుజాము 4:20

టీచరమ్మా, నేను చదివింది ఇంటరు. ఆరెకరాల చెరువు, వనామీ రొయ్య. ఇప్పుడు కూడా కట్ట మీదే కూర్చుని రాస్తా ఉన్నా, టైం చూడండి.

పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇస్తాది. చీకటి పడితే నాచు కూడా పీల్చుకునేదే. రొయ్య పీలుస్తాది, అడుగున బురద పీలుస్తాది. తెల్లవారుజాము మూడు నుంచి ఐదు దాకా నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతాది. అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే నిమిషాల్లో జనరేటర్ వెయ్యాల. లేకపోతే రొయ్య పైకి తేలిపోతాది, లక్షల అప్పు నా నెత్తిన మిగుల్తాది. అందుకని పోయినేడు మా పెద్దోణ్ణి, తొమ్మిది చదివేవాణ్ణి, రాత్రిళ్ళు నాతో పాటు కట్ట మీదికి తెచ్చేవాణ్ణి. ఇద్దరం వంతులేసుకుని పడుకునేవాళ్ళం. వాడు బడిలో నిద్రపోతా ఉన్నాడని నాకెవరూ చెప్పలా. మార్కులొచ్చినాక తెలిసింది.

వాళ్ళ సైన్స్ సారు మా ఇంటికి వచ్చి గొడవ పెట్టుకోలేదు. ఒకరోజు క్లాసులో "రాత్రి పూట ఏరియేటర్లు ఎందుకు తిప్పుతారో నీకంటే బాగా ఇక్కడ ఎవరికీ తెలీదు, వచ్చి చెప్పు" అన్నాడంట. మావాడు బోర్డు కాడికి పోయి చెరువు బొమ్మ గీసి మొత్తం చెప్పినాడంట. ఆ సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు వాడి మొహం చూడాల. అప్పటిదాకా చెరువు పనంటే సిగ్గుపడేవాడు.

తర్వాత ఆ సారు నాకు ఫోన్ చేసి "మీవాడు ఇంత తెలివిగలవాడు, వాణ్ణి నిద్రపోనియ్యండి" అన్నాడు. ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది. పక్క చెరువాయనా నేనూ కలిసి ఒక మనిషిని రాత్రి కాపలాకి పెట్టుకున్నాం. ఖర్చే. కానీ సగం సగం పంచుకుంటే భరించగలిగినాం. ఆ పిల్లోడి నాయన్ని కూడా ఒకసారి కలవండి టీచరమ్మా. మాకు తెలీక చేస్తాం కొన్ని.

పిల్లల డాక్టరు, నెల్లూరు
ఫిబ్రవరి 5, రాత్రి 10:10

చెరువుకట్ట గారి పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఇప్పుడు వైద్యం వైపు నుంచి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఎందుకంటే పై పోస్టుల్లో నాలుగైదు వేర్వేరు నిద్రలు కలిసిపోయాయి.

13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. 6 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకి 9 నుంచి 12 గంటలు. ఇది బద్ధకస్తులకి ఇచ్చే రాయితీ కాదు, ఎదిగే మెదడుకి అవసరం. పైగా ఈడొచ్చాక నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోను రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. పెందలాడే పడుకోమన్నా వాళ్ళకు నిద్ర పట్టదు, పొద్దున లేపితే మెలకువ రాదు. అమెరికాలో సియాటిల్ నగరం 2016లో హైస్కూల్ బెల్లుని 7:50 నుంచి 8:45కి జరిపింది. పిల్లల నిద్ర రోజుకి 34 నిమిషాలు పెరిగినట్టు కొలిచి చూశారు. కాలిఫోర్నియా రాష్ట్రం హైస్కూళ్ళు 8:30 కంటే ముందు మొదలుకాకూడదని చట్టమే చేసింది, 2022 జులై నుంచి అమల్లో ఉంది. మనం తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్ పెట్టి, వాళ్ళు చదువుతున్నారనుకుంటున్నాం.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా వచ్చే మత్తు అన్నం వల్లే అనుకుంటాం. భారీ భోజనం దాన్ని పెంచుతుంది, నిజమే. కానీ ఏమీ తినకపోయినా ఆ వేళకి శరీరం కొంత మందగిస్తుంది. రాత్రి సరిగ్గా పడుకున్నవాడు దాన్ని తట్టుకుంటాడు, పడుకోనివాడు తట్టుకోలేడు. ఇంటర్ అబ్బాయి చెప్పిన ఆ సార్ చేసేది మంచి పని. పది, ఇరవై నిమిషాల కునుకు తేలిక చేస్తుంది. గంట పడుకుంటే లేచాక ఇంకా మొద్దుబారినట్టు ఉంటుంది. ఇక బాబూ, నీకు ఒక మాట. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, నిద్ర రమ్మనే కబురు అదే. కాఫీ ఆ కబురు చెవిన పడకుండా అడ్డుకుంటుంది అంతే, అప్పు తీర్చదు. రాత్రి తొమ్మిదికి తాగిన కాఫీలో సగం అర్ధరాత్రి దాటినా ఒంట్లోనే ఉంటుంది.

టీచర్ గారూ, పొద్దున్నుంచే వాడిపోయి ఉండే ఆ అమ్మాయి గురించి నాకు ఎక్కువ దిగులు. దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చెప్పింది. కింది కనురెప్ప లాగి చూడండి, పాలిపోయి ఉందేమో. మెట్లెక్కితే ఆయాసమా, బియ్యం గానీ మట్టి గానీ తింటుందా అని మెల్లగా అడగండి. పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తారు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర చాలామంది కిటికీలోంచి పారేస్తారు, కడుపులో తిప్పుతుందని. అన్నం తిన్నాక మీ ఎదుటే వేసుకునేట్టు చూడండి. భోజనంతో పాటు టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అదే ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే బాగా పడుతుంది. పొదలకూరు నిమ్మకాయలు పక్కనే పెట్టుకుని మనం ఈ ఒక్క పని చెయ్యం.

ఇంకొన్ని చూడండి. రాత్రి గట్టిగా గురక పెట్టే పిల్లలు, నోరు తెరిచి ఊపిరి పీల్చేవాళ్ళు టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ వాచడం వల్ల నిద్రలోనే చాలాసార్లు మెలకువై పోతుంటారు, వాళ్ళకే తెలియదు. జలుబు సిరప్పులు చాలావాటికి మత్తు గుణం ఉంటుంది. ఆడుకుంటున్నప్పుడు, నవ్వుతున్నప్పుడు కూడా హఠాత్తుగా నిద్రలోకి జారిపోయే పిల్లల్ని, కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయే పిల్లల్ని తప్పకుండా డాక్టరుకి చూపించాలి.

చివరగా, పొగాకు. తడి ఆకుని చేత్తో పట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా లోపలికి వెళ్తుంది. మంచు మీద ఆకు కోసినప్పుడు తలతిప్పు, వాంతులు, తలనొప్పి వచ్చేది అందుకే. పిల్లల ఒళ్ళు చిన్నది కాబట్టి తొందరగా సోకుతుంది. వాణ్ణి నిద్ర ఒక్కటే కాకుండా ఇది కూడా అడగండి. పిల్లల్ని తడి ఆకు దగ్గరికి రానివ్వకపోవడమే మంచిది.

ఇద్దరు పిల్లల అమ్మ, ఒంగోలు
ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 3:40

పల్లెల్లో బ్యారన్, చెరువు. మా టౌన్లో ట్యూషన్. మా పాప ఎనిమిదో తరగతి. ఐదున్నరకి ట్యూషన్, ఎనిమిదికి బడి బస్సు, సాయంత్రం ఆరుకి ఇల్లు, మళ్ళీ ట్యూషన్, హోంవర్క్ అయ్యేసరికి పది దాటుతుంది. తర్వాత అరగంట ఫోన్ అడుగుతుంది. రోజంతా తనకంటూ దక్కేది ఆ అరగంటే కాబట్టి కాదనలేకపోయాను. ఆ అరగంట రీల్స్ చూస్తూ గంటన్నర అవుతుందని దుప్పటి తీసి చూసిన రోజు తెలిసింది.

డాక్టరు గారు రాసింది చదివి లెక్కేశాను. మా పాప ఆరు గంటలు కూడా పడుకోవడం లేదు. పొద్దుటి ట్యూషన్ మాన్పించేశాను. మా ఆయన ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. మార్కులు తగ్గితే ఏంటని నాకూ భయంగానే ఉంది, అయినా మాన్పించాను.

పలకల పంతులు, మార్కాపురం
ఫిబ్రవరి 7, ఉదయం 7:30

అమ్మా టీచరూ, ఇంటి సంగతి ఇంటివాళ్ళతో, ఒంటి సంగతి డాక్టరు గారితో. క్లాసులో ఆ నలభై ఐదు నిమిషాల సంగతి నేను చెప్తాను.

మాది మార్కాపురం. పలకల ఊరు. ఒకప్పుడు రాష్ట్రంలో అక్షరాలు దిద్దుకున్న పిల్లల్లో ఎంతమంది చేతిలో మా ఊరి రాయి ఉండేదో. ప్లాస్టిక్ పలకలూ, నోటు పుస్తకాలూ వచ్చాక పలకని ఒకటో తరగతికి వదిలేశాం, తర్వాత అక్కడ కూడా తీసేశాం. నేను మాత్రం హైస్కూల్లో లెక్కలు చెప్పినన్నాళ్ళూ పదో తరగతికి కూడా పలకలు పెట్టాను. మొదట్లో పిల్లలు చిన్నతనంగా అనుకున్నారు. వారంలో వాళ్ళే "సార్, పలకలు తీయండి" అనేవాళ్ళు.

చేసేది ఇంతే. ఏడెనిమిది నిమిషాలు చెప్పి ఆపుతాను. ఒక ప్రశ్న అడుగుతాను, జవాబు ఒక్క ముక్కలో వచ్చేట్టు. అందరూ పలక మీద రాసి, గుండెకి ఆనించి పెట్టుకోవాలి. నేను ఒకటి, రెండు, మూడు అంటాను. మూడనగానే నలభై పలకలు ఒక్కసారి పైకి లేస్తాయి.

ఇందులో కీలకం ఆ "ఒక్కసారి" అనే మాటలో ఉంది. చేయెత్తమంటే ముందు బెంచీ ముగ్గురే ఎత్తుతారు. మిగతా ముప్పై ఏడు మంది "మనకి కాదులే" అనుకుంటారు, నిద్ర అక్కడే మొదలవుతుంది. పేరు పెట్టి పిలిస్తే ఆ ఒక్కడే ఉలిక్కిపడతాడు, మిగతావాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. పలక అయితే ప్రతి ప్రశ్నా ప్రతివాడిదీ. చెయ్యి ఆడాలి, బలపం గీరుకోవాలి, చెయ్యి లేపాలి, తుడవాలి. కూర్చున్నచోటే ఒళ్ళు కదులుతుంది. నాకు ఒక్క చూపులో ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో తెలిసిపోతుంది. ఎక్కువమంది తప్పు రాస్తే తప్పు నా బోధనలో ఉందన్నమాట, మళ్ళీ చెప్తాను.

నాకు ఇంకా ఇష్టమైన సంగతి, పలక మీద తప్పు నిలవదు. నోటు పుస్తకంలో ఎర్ర గీత ఏడాదంతా ఉంటుంది. పలక మీద తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. భయపడే పిల్లాడు కూడా ఏదో ఒకటి రాస్తాడు. ఒక్క జాగ్రత్త, ఉమ్మితో తుడవనివ్వొద్దు. క్లాసుకో గిన్నెలో నీళ్ళూ, పాత బట్ట ముక్కలూ పెట్టుకోండి.

లెక్చరర్, కావలి
ఫిబ్రవరి 8, రాత్రి 9:15

పంతులు గారు అనుభవంతో పట్టుకున్నదాన్నే పరిశోధకులు వేరే దారిలో చేరారు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసింది. వారం తర్వాత చదివినవాళ్ళకి 40 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకి 61 శాతం. కాబట్టి పలక నిద్ర ఆపడానికే కాదు, పాఠం నిలవడానికి కూడా.

ఒక్క విషయం చేరుస్తాను. ప్రశ్న అడిగాక మనం ఆగం. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో తరగతుల్ని రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగి ఆగేది సగటున ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు. నేను ఇదివరకు ప్రశ్నా నాదే, జవాబూ నాదేగా పాఠం నడిపేవాణ్ణి. ఇప్పుడు మనసులో లెక్కపెట్టుకుంటాను. మొదట్లో ఆ నిశ్శబ్దం చాలా కష్టంగా ఉంటుంది.

నా ఇంటర్ సెక్షన్లో ఎనభై మంది. పలకలు కుదరలేదు. బదులుగా నాలుగు వేళ్ళు వాడతాను: ఒకటో జవాబైతే ఒక వేలు, రెండోదైతే రెండు, గుండె ముందు పెట్టి చూపించాలి. తర్వాత వేరే జవాబు చూపించినవాణ్ణి పక్కనే వెతుక్కుని ఒప్పించమంటాను. గోల వస్తుంది. నిద్రకంటే గోల మేలు.

రిటైర్డ్ హెచ్.ఎం., కందుకూరు
ఫిబ్రవరి 8, రాత్రి 10:48

అన్నీ చదివాను. కనిగిరి మాస్టారు రాసిన "మళ్ళీ మన దగ్గరికి రాలేదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నా సర్వీసులో అలా రాకుండా పోయినవాళ్ళ మొహాలు కొన్ని గుర్తొచ్చాయి. నిలబెట్టడం ఉపాయం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అమ్మా, ఒక సంగతి ముందే చూసుకోండి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే 7:45కే బెల్లు. బ్యారన్ల పని అప్పటికింకా అయిపోదు. రాత్రి మేల్కొన్న పిల్లలకి ఆ గంట నిద్ర కూడా పోతుంది. మీ అబ్బాయి నాన్నతో ఆలోగానే మాట్లాడండి.

బయాలజీ టీచర్, టంగుటూరు వైపు
ఫిబ్రవరి 27, రాత్రి 9:20

ఆలస్యమైంది, క్షమించండి. చేసి చూశాకే రాద్దామని ఆగాను.

ముందుగా ఆ అబ్బాయి సంగతి. చెరువుకట్ట గారు చెప్పినట్టే చేశాను. ఆ వారం పాఠం ఆకులోని పత్రహరితం. "బ్యారన్‌లో పచ్చాకు పసుపు రంగుకి ఎట్లా తిరుగుతుందో చూసినవాళ్ళు ఎవరు?" అన్నాను. పన్నెండు చేతులు లేచాయి. వాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచాను. మొదటి రోజు వేడి ఎంత పెట్టాలో, తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే ఎందుకు ఎండిపోతుందో, చివర్లో ఈనె ఎండడానికి ఎందుకు అంత మంట కావాలో చెప్పాడు. దాని మీదనే నేను పాఠం కట్టాను: పసుపు రంగు కొత్తగా పుట్టదు, మొదటి నుంచీ ఆకులోనే ఉంది, పత్రహరితం విరిగిపోయాక బయటపడుతుంది. ఆకు బతికి ఉన్నంతసేపే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చగలవు, అందుకే మొదట్లో సన్నని వేడి. నేను పదమూడేళ్ళుగా చెప్తున్న పాఠం అది. బ్యారన్ల మధ్యే ఉంటూ ఒక్కసారి కూడా బ్యారన్ పేరెత్తలేదు.

కానీ ఒక భయం పట్టుకుంది. వాడి రాత్రి కష్టాన్ని నేను గొప్ప చేసి చెప్తే, అలా మేల్కోవడమే మంచిదనుకుంటారేమో. అందుకే అదే రోజు నిద్రలో మెదడు ఏం చేస్తుందో కూడా చెప్పాను, డాక్టరు గారి పోస్టులోని గంటల లెక్క బోర్డు మీద రాశాను. ప్రతివాళ్ళూ తమ వారం రోజుల నిద్ర గంటలు పలక వెనక రాసుకుని కూడారు. ఆరు గంటల లోపు పడుకునేవాళ్ళు పదకొండు మంది తేలారు. అందులో బ్యారన్ వాళ్ళు నలుగురే. మిగతా ఏడుగురిలో ఐదుగురిది ఫోను. ఇద్దరు ఏమీ చెప్పలేదు, నేనూ క్లాసులో అడగలేదు.

వాళ్ళ నాన్నని ఆదివారం బ్యారన్ దగ్గరే కలిశాను. కనిపించగానే భయపడ్డాడు, ఫిర్యాదుకి వచ్చాననుకుని. "మీ వాడు మా క్లాసుకి పాఠం చెప్పాడు" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. జ్వరం తగ్గింది, ఇప్పుడు తనే కూర్చుంటున్నాడు. తర్వాతి బ్యారన్‌కి బావమరిదిని పిలుస్తానన్నాడు. పిల్లలకి తడి ఆకు వద్దన్న సంగతి కూడా చెప్పాను. తనకీ చిన్నప్పుడు ఆకు కోసి వాంతులయ్యేవని, ఎండదెబ్బ అనుకునేవాళ్ళమని అన్నాడు.

పాలిపోయి ఉండే అమ్మాయికి పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. మాత్రలు మొదలయ్యాయి. ఇంట్లో పొద్దున అన్నం బదులు టీ, బన్ను తిని వస్తోందట. వాళ్ళ అమ్మ కూలికి ఐదింటికే వెళ్ళిపోతుంది. రాగిజావ ఇచ్చే రోజుల్లో ఆ పిల్లకి రెండో గ్లాసు పోయమని వంట ఆయాకి చెప్పాను. చెప్పకముందే పోస్తున్నానందావిడ.

కుదరనివి కూడా చెప్పాలి. జంటలుగా మాట్లాడుకోమంటే మొదటి వారం సినిమా కబుర్లే. ప్రశ్న మరీ వదులుగా ఇచ్చానని తర్వాత అర్థమైంది. పది నిమిషాల కునుకు పెట్టిన రోజు పక్క క్లాసు టీచర్ కిటికీలోంచి చూసి, మర్నాడు స్టాఫ్ మీటింగులో అడిగారు. మా హెచ్.ఎం. గారు వారానికి రెండు రోజులకి ఒప్పుకున్నారు. గుమ్మం పక్క కుర్రాడు ఇప్పుడు చాలావరకు మెలకువగానే ఉంటున్నాడు. ఇంకొకడు మాత్రం దేనికీ లేవడం లేదు. గురక పెడతాడని వాడి తమ్ముడు చెప్పాడు. డాక్టరు గారూ, ఎక్కడికి తీసుకెళ్ళాలి?

పంతులు గారూ, ప్రస్తుతం అట్ట ముక్కలకి నల్ల రంగు వేసి సుద్దముక్కతో నడిపిస్తున్నాను. తుడిస్తే రంగు ఊడిపోతోంది. నిజం పలకలు కావాలి. ఇక్కడ షాపుల్లో అడిగితే ప్లాస్టిక్‌వే చూపిస్తున్నారు.

పిల్లల డాక్టరు, నెల్లూరు
ఫిబ్రవరి 27, రాత్రి 10:02

ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించాలి. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో (జీజీహెచ్) ఆ విభాగం ఉంది. బడికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చెప్తే రిఫరల్ కాగితం వాళ్ళే రాసిస్తారు, అది వెంట ఉంటే సులువు. వెళ్ళేముందు రాత్రి వాడు పడుకున్నప్పుడు ఒక రెండు నిమిషాలు ఫోన్లో వీడియో తీయమనండి. ఊపిరి మధ్యలో ఆగి మళ్ళీ వస్తోందేమో అందులో తెలుస్తుంది. ఆ అమ్మాయికి నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించండి. మాత్రలు రక్తం పెరగగానే ఆపకూడదు, ఇంకో మూడు నెలలైనా వాడాలి.

పలకల పంతులు, మార్కాపురం
ఫిబ్రవరి 28, ఉదయం 6:05

అమ్మా, మా వీధి చివర ఇంకా చేత్తో పలకలు చేసే ఇల్లు ఒకటుంది. నలభై ఐదు చెప్పాను, ఏడు ఎక్కువ, పగిలితే ఉంటాయని. చెక్క చట్రం బిగించి సోమవారానికి ఇస్తామన్నారు. రెండు పెట్టెల బలపాలు నా తరఫున. మంగళవారం పొద్దున ఒంగోలు బస్సుకి పార్సిల్ వేస్తాను, డిపోలో తీసుకోండి. బరువుగా ఉంటాయి, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.